కనబడని దస్త్రములు

ఇంటి కంప్యూటరులో దాచుకొన్న భూమి పత్రమో, పెద్దల ఛాయాచిత్రమో కనబడనిచో అది నశించినదనియే తలంతుము. ఆ తలంపు సర్వదా సరి కాదని చరిత్ర తెలుపుచున్నది.

1981లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన కంప్యూటరులో డాస్ అను వ్యవస్థ యుండెను. అందు ఒక ఫైలును తుడిచివేయుమన్నచో, యంత్రము పట్టికలోని దాని పేరున మొదటి అక్షరమును మార్చి, అది యున్న చోటు ఖాళీయని గుర్తించెడిది, అంతియే. కరణము అడంగలులో పేరు కొట్టివేసినంతనే చేనిలోని పైరు మాయమయ్యెడిదా? ఇదియు నట్టిదే. కాని ఆ చేను మరియొకడు దున్ని విత్తెనేని పాతపైరు మరి దొరకదు.

ఈ మర్మము నెరిగి, అమెరికా దేశీయుడగు పీటర్ నార్టన్ 1982లో, తుడిచిన ఫైళ్లను మరల తెచ్చు సాధనమును వెలయించెను. 1991లో మైక్రోసాఫ్టు సంస్థ అట్టి సాధనమును డాస్ ఐదవ కూర్పునందే చేర్చెను. 1995లో విండోసునందు రీసైకిల్ బిన్ వచ్చెను. తొలగించినది మొదట ఆ బుట్టలో చేరును. అయినను 2018 అక్టోబరులో విండోసు 10 నవీకరణ మొకటి కొందరి ఫైళ్లను తొలగింపగా, మైక్రోసాఫ్టు దానిని నిలిపివేయవలసివచ్చెను.

కావున నేను విన్నవించున దిది. ఫైలు కానరానిచో మొదట పేరుతో వెదకుడు. పిదప బుట్ట చూడుడు. దొరకువరకు ఆ యంత్రమున క్రొత్తది వ్రాయకుడు. నేటి ఎస్.ఎస్.డి.లు ఖాళీయైన చోటును తామే తుడిచివేయును గనుక వానియందు ఆశ తక్కువ. ముందే వేరొకచోట ప్రతి యుంచుకొనుట మేలు.