స్టాండింగ్ ఛార్జీ ఎక్కడి నుంచి వచ్చింది?

బ్రిటన్‌లో ఉండే మనవాళ్ళు నన్ను తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. "నెల రోజులు ఇల్లు తాళం వేసి ఇండియా వెళ్ళొచ్చామండీ, మెయిన్ స్విచ్ కూడా కట్టేశాం, అయినా కరెంటు బిల్లు వచ్చిందేమిటి?" అని. అదే స్టాండింగ్ ఛార్జీ. దీపం వెలిగినా వెలగకపోయినా రోజుకింత అని పడుతుంది.

ఇది కంపెనీలు నిన్నగాక మొన్న కనిపెట్టింది కాదు. 1892లో జాన్ హాప్కిన్సన్ అనే ఇంజనీరు ఒక ఉపన్యాసంలో దీనికి లెక్క చెప్పారు. గ్యాసునైతే పెద్ద ట్యాంకుల్లో నిలవ చేసుకోవచ్చు, కరెంటుతో అది కష్టం. సాయంత్రం అందరూ ఒక్కసారే దీపాలు వేస్తారు. ఆ కాసేపటి కోసం బాయిలర్లు, డైనమోలు, కేబుళ్ళు, మనుషులు సిద్ధంగా ఉండాలి. పెళ్ళికి వంటవాళ్ళను మాట్లాడుకున్నట్టే అనుకోండి, ఎన్ని విస్తళ్ళు లేచినా వాళ్ళ కూలి వాళ్ళకివ్వాలి కదా! అందుకే బిల్లులో సిద్ధంగా ఉన్నందుకు ఒక భాగం, వాడుకున్నందుకు ఇంకో భాగం ఉండాలన్నారాయన.

అయితే ఆయన ఇంకో మాట కూడా అన్నారు. ఆ మొదటి భాగం అందరికీ ఒకటే కాదు. ఒకేసారి ఎక్కువ కరెంటు లాగే ఇల్లు ఎక్కువ కట్టాలి. బ్రైటన్‌లో ఆర్థర్ రైట్ దాన్ని కొలిచే పరికరమే తయారుచేశారు.

ఇప్పటి స్టాండింగ్ ఛార్జీలో ఆ సగం మాయమైంది. ఒకే ప్రాంతంలో ఒంటిగది ఫ్లాటుకూ, ఆరు బెడ్‌రూముల ఇంటికీ ఒకటే రేటు. నాకు ఇది న్యాయంగా తోచదు. హైదరాబాదు, విజయవాడ బిల్లుల్లో వచ్చిన ఫిక్స్‌డ్ ఛార్జీ కిలోవాట్ల లెక్కన వేసింది. హాప్కిన్సన్‌గారి మాటకు అదే దగ్గర.

2021 చివర్లో గ్యాసు ధరలు పెరిగి ఇక్కడ సుమారు 30 కంపెనీలు మూతపడ్డాయి. వాటి కస్టమర్లను వేరే కంపెనీలకు మార్చిన ఖర్చు మన రోజువారీ ఛార్జీలోకే వచ్చింది. దానికి తోడు తీగల ఖర్చు వేసే పద్ధతీ మారింది. 2022 ఏప్రిల్‌లో కరెంటు ఛార్జీ రోజుకు సుమారు 25 పెన్నీల నుంచి 45కి ఎగిరింది. అంటే ఏడాదికి 165 పౌండ్ల దాకా, ఒక్క యూనిట్ వాడకుండానే.

గ్యాసుకు ప్రీపేమెంట్ మీటరున్నవాళ్ళకు ఒక్క మాట. వేసవిలో హీటింగు వేయకపోయినా మీటరు రోజూ తన వాటా తీసుకుంటూనే ఉంటుంది. కొంచెం డబ్బు వేసి ఉంచండి. లేకపోతే చలి మొదలైన రోజున మీరు వేసే మొదటి పది పౌండ్లు పాత బాకీకే పోవచ్చు.