పట్టుపురుగు, గాలపు దారము

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతములలో మల్బరీ ఆకు మేసిన పట్టుపురుగుల దారము మగ్గములకు పోవును. అట్టి దారమే ఒకప్పుడు ఐరోపాలో చేపల వేటకు ఆధారమైనది.

ఈకలతో కట్టిన కృత్రిమపు ఈగను నీటిపై విసరి చేపను పట్టు రీలుపై రెండు దారములుండును. విసరు దారము లావైనది. పొడవు సుమారు 30 గజములే. పెద్ద చేప తగిలి పరుగెత్తిన అది చాలదు. కనుక దానికి వెనుక, రీలు అడుగున, సన్నని దారము మరి నూరు గజములైనను చుట్టుదురు. చేప దక్కుట తరచు కంటికి కనపడని యీ అడుగుదారముపైననే ఆధారపడును.

19వ శతాబ్దమున విసరు దారమును పట్టుతో అల్లి నూనె పట్టించుచుండిరి. ఈగకు ముడివేయు చివరి తీగ మరింత విచిత్రము: గూడు కట్టబోవు పురుగును వినిగరులో నానబెట్టి, దాని పట్టుగ్రంథిని లాగి సాగదీయుచుండిరి. స్పెయిన్‌లోని ముర్సియా ఇందుకు ప్రసిద్ధి. అడుగున తరచు అవిసెనార దారముండెడిది. తడిసిన పట్టును, నారను ఆరవేయకున్న కుళ్లును. వేటగాని బద్ధకము చేపకు విడుదల!

1938లో డ్యూపాంట్ సంస్థ ప్రకటించిన నైలాను కుళ్లదు, కాని సాగును. సాగిన ఒంటిపోగును అట్లే చుట్టినచో, అది మరల కుదించుకొని రీలును నొక్కి వంచివేయగలదు. 1941లో ఇంగ్లండున విన్‌ఫీల్డ్, డిక్సన్ కనిపెట్టిన పాలియెస్టరు అంతగా సాగదు. 'డాక్రాన్' పేర అల్లిన ఆ దారమునే నేటికిని పలువురు అడుగున చుట్టుచున్నారు: చిన్న చేపలకు 20 పౌండ్ల బరువు నాపునది, పెద్దవాటికి 30 పౌండ్లది.