నటన నుంచి రాజకీయ వ్యాఖ్యానానికి: బుల్లితెర తారలు, తాడేపల్లి వేదిక

1.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• తెలుగునాట ప్రదర్శన కళకూ రాజకీయ వ్యాఖ్యానానికీ ఉన్న పాత సంబంధాన్ని వివరించగలుగుతారు.
• టెలివిజన్ విస్తరణ నటీనటులకు రాజకీయాల్లో కొత్త స్థానాన్ని ఎలా కల్పించిందో తెలుసుకుంటారు.
• వ్యాఖ్యాత, అధికార ప్రతినిధి అనే రెండు పాత్రల మధ్య తేడాను గుర్తించగలుగుతారు.

1.1 పరిచయం

సాయంత్రం మీ ఇంట్లో టీవీ పెట్టారనుకోండి. మొన్నటి వరకు సీరియల్లో కోడలిగానో, ఆటపాటల కార్యక్రమంలో యాంకరుగానో మీరు చూసిన వ్యక్తి ఇప్పుడు ఒక పార్టీ జెండా ముందు కూర్చుని ప్రభుత్వ విధానాల గురించి మాట్లాడుతున్నారు. ఆ ముఖం మీకు బాగా తెలుసు. అందుకే ఛానల్ మార్చకుండా రెండు నిమిషాలు వింటారు. ఆ రెండు నిమిషాలకు రాజకీయాల్లో చాలా విలువ ఉంది.

తెలుగులో 'వ్యాఖ్యాత' అనే మాటను రెండు అర్థాల్లో వాడుతున్నాం. వినోద కార్యక్రమాన్ని నడిపించేవారినీ వ్యాఖ్యాత అంటాం, రాజకీయ పరిణామాలను విశ్లేషించేవారినీ వ్యాఖ్యాత అనే అంటాం. ఒకే మనిషి మొదటి అర్థం నుంచి రెండో అర్థంలోకి మారినప్పుడు చరిత్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఆ మనిషి నోట వినిపిస్తున్న మాట ఎవరిది? ఈ ప్రశ్నను దృష్టిలో ఉంచుకుని ఈ భాగం చదవండి.

1.2 టెలివిజన్‌కు ముందు

కళాకారులు రాజకీయాలు మాట్లాడటం తెలుగువారికి కొత్త కాదు. బుర్రకథనే తీసుకోండి. మధ్యలో తంబురతో కథకుడు, ఇరుపక్కలా వంతలు ఉంటారు. వంతల్లో ఒకరు హాస్యం చెబితే, మరొకరు రాజకీయం చెబుతారు. కథ ఏ కాలానిదైనా, రాజకీయ వంత దాన్ని నేటి సమస్యలతో ముడిపెడతారు. అంటే ఈ కళారూపంలోనే రాజకీయ వ్యాఖ్యానానికి ఒక స్థానం కేటాయించి ఉంది. 1940లలో ప్రజానాట్యమండలి ఈ కళను ఊరూరా తీసుకువెళ్లింది. ఆ దళాల్లో ప్రసిద్ధుడైన షేక్ నాజర్‌ది గుంటూరు జిల్లాలోని పొన్నెకల్లు.

అదే జిల్లాలో తెనాలి దగ్గరి మోరంపూడికి చెందిన కొంగర జగ్గయ్య మరో దారిలో వచ్చారు. సినిమాల్లో పేరు రాకముందే ఆయన పత్రికల్లో పనిచేశారు, ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివారు. 'కంచుకంఠం' అని పేరు తెచ్చిన గొంతు ముందు వార్తలకు, తరవాత సంభాషణలకు ఉపయోగపడింది. 1967లో ఒంగోలు నుంచి కాంగ్రెస్ అభ్యర్థిగా ఆయన లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఆయన విషయంలో సొంత రాజకీయ అభిప్రాయం ముందు, నటన తరవాత అని మీరు గమనించాలి.

ఎన్.టి. రామారావు 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని స్థాపించి, 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికి ఎక్కువ ఇళ్లలో టీవీ లేదు. ఆయన చైతన్యరథంపై ఊళ్లు తిరిగి జనంతో నేరుగా మాట్లాడారు. వెండితెర ఆయనకు గుర్తింపునిచ్చింది కాని, ప్రచారం సాగింది రోడ్డు మీద.

1.3 టెలివిజన్ తెచ్చిన మార్పు

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. ప్రైవేటు తెలుగు ఛానళ్లు 1995లో వచ్చాయి. జెమిని, ఈటీవీ రెండూ ఆ ఏడాదే ప్రారంభమయ్యాయి. సినిమా తారను ప్రేక్షకుడు డబ్బిచ్చి, హాలుకు వెళ్లి, అప్పుడప్పుడు చూస్తాడు. సీరియల్ నటి రోజూ అదే వేళకు ఇంట్లోకే వస్తుంది. సినిమా తార మీద ఆరాధన ఉంటే, బుల్లితెర తారతో చనువు ఏర్పడుతుంది.

ఈ చనువు ఓట్లుగా మారగలదని హిందీ ధారావాహికలు ముందే చూపాయి. 1987-88లో ప్రసారమైన 'రామాయణ్'లో సీతగా నటించిన దీపికా చిఖలియా 1991లో బరోడా నుంచి భారతీయ జనతా పార్టీ తరఫున లోక్‌సభకు గెలిచారు. 2000లో మొదలైన 'క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ' కథానాయిక స్మృతి ఇరానీ 2003లో అదే పార్టీలో చేరారు. 2004 ఎన్నికల్లో ఓడిపోయినా పార్టీ పనిలోనే కొనసాగి 2011లో రాజ్యసభకు వెళ్లారు, 2014లో కేంద్రమంత్రి అయ్యారు. గుర్తింపు తలుపు తెరిచినా, లోపల నిలబడటానికి ఏళ్ల తరబడి శ్రమ అవసరమైంది.

రెండో మార్పు వార్తా ఛానళ్లతో వచ్చింది. 2004లో టీవీ9 మొదలైన తరవాత తెలుగులో ఇరవై నాలుగు గంటల వార్తా ఛానళ్లు వరసగా వచ్చాయి. ఊళ్లకు విలేకరులను, కెమెరాలను పంపి వార్త సేకరించడం ఖర్చుతో కూడిన పని. నలుగురిని స్టూడియోలో కూర్చోబెట్టి చర్చ నడపడం దానికంటే చవక. అందువల్ల మాట్లాడేవారికి గిరాకీ పెరిగింది. కెమెరా ముందు తడబడకుండా, గడియారం చూసుకుంటూ, విషయాన్ని క్లుప్తంగా చెప్పడం నటులకూ యాంకర్లకూ వృత్తిలో భాగం. పార్టీలు వెతుకుతున్న నైపుణ్యం వారి దగ్గర సిద్ధంగా ఉంది.

1.4 తాడేపల్లి వేదిక

తాడేపల్లి కృష్ణానది దక్షిణ ఒడ్డున, విజయవాడకు ఎదురుగా ఉంది. రెంటినీ ప్రకాశం బ్యారేజీ కలుపుతుంది. ఉండవల్లి గుహలకు పేరున్న ఈ ప్రాంతానికి 2014 రాష్ట్ర విభజన తరవాత కొత్త ప్రాధాన్యం వచ్చింది. 2015లో అమరావతికి శంకుస్థాపన జరిగాక ఆంధ్రప్రదేశ్ పార్టీలు ఒక్కొక్కటిగా హైదరాబాద్ నుంచి ఇటు వచ్చాయి. వైఎస్సార్ కాంగ్రెస్ కేంద్ర కార్యాలయం తాడేపల్లిలో ఉంది. పక్కనున్న మంగళగిరి పరిధిలో తెలుగుదేశం, జనసేన కార్యాలయాలు ఉన్నాయి. దీంతో రోజూ జరిగే పత్రికా సమావేశాలకూ, ఛానళ్ల ప్రత్యక్ష ప్రసారాలకూ ఈ జాతీయ రహదారి పొడవు ముఖ్య కేంద్రమైంది.

ఈ నేపథ్యంలోనే శ్యామల ఉదాహరణను చూడాలి. ఆమె తెలుగు సీరియళ్లలో నటించి, తరవాత టీవీ కార్యక్రమాలకూ సినిమా వేడుకలకూ యాంకరుగా పేరు తెచ్చుకున్నారు. 2018లో 'బిగ్‌బాస్' తెలుగు రెండో సీజన్‌లో పాల్గొన్నారు. 2019 ఎన్నికల ముందు వైఎస్సార్ కాంగ్రెస్‌లో చేరారు. 2024 ఎన్నికల్లో ఆ పార్టీ ఓడిపోయి ప్రతిపక్షంలోకి వెళ్లింది. ఆ ఏడాది సెప్టెంబరులో ఆమెను పార్టీ రాష్ట్ర అధికార ప్రతినిధిగా నియమించారు. నియామకం జరిగిన సమయాన్ని గమనించండి. అధికారంలో ఉన్న పార్టీకి ప్రభుత్వ కార్యక్రమాలే ప్రచారం. ప్రతిపక్షానికి మిగిలే ప్రధాన సాధనం మాట. అందుకే ఓటమి తరవాత వినిపించే గొంతులకు విలువ పెరుగుతుంది.

ఆర్.కె. రోజా దారి దీనికి కొంత భిన్నం. సినిమా నటిగా పేరు పొందిన ఆమె 2014లో, 2019లో నగరి నుంచి శాసనసభకు గెలిచారు. శాసనసభ్యురాలిగా ఉంటూనే ఈటీవీ 'జబర్దస్త్'లో న్యాయనిర్ణేతగా కొనసాగి, 2022 ఏప్రిల్‌లో మంత్రి అయినప్పుడు ఆ కార్యక్రమం వదిలారు. వినోదం, రాజకీయం చాలా కాలం పక్కపక్కనే నడవగలవని ఆమె అనుభవం చెబుతుంది.

1.5 మాట ఎవరిది?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. నటి పలికే సంభాషణ రచయితది. అది ప్రేక్షకులందరికీ తెలుసు, ఎవరూ మోసపోరు. స్వతంత్ర వ్యాఖ్యాత చెప్పేది సొంత అభిప్రాయం. అధికార ప్రతినిధి చెప్పేది పార్టీ నిర్ణయించిన వాదన. దానితో ఆ వ్యక్తి మనస్ఫూర్తిగా ఏకీభవించవచ్చు, అయినా పార్టీ గీత దాటి మాట్లాడే వీలు ఆ పదవిలో తక్కువ. చిక్కు ఇక్కడే ఉంది. ఏళ్ల తరబడి చూసిన మనిషి కనుక, మనకు తెలిసినవారు తమ మనసులో మాట చెబుతున్నారని అనుకుంటాం. నిజానికి మనం వింటున్నది పార్టీ ప్రకటన. ఇది ఏ పార్టీకైనా వర్తిస్తుంది.

పోలికకు అమెరికాలో రొనాల్డ్ రీగన్‌ను తీసుకోవచ్చు. సినిమా నటుడైన ఆయన 1954 నుంచి 1962 వరకు జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ టీవీ కార్యక్రమానికి వ్యాఖ్యాత. ఆ కంపెనీ కర్మాగారాలు తిరుగుతూ ఉద్యోగులతో మాట్లాడారు. 1964లో టీవీలో చేసిన రాజకీయ ప్రసంగం ఆయనను దేశానికి కొత్తగా పరిచయం చేసింది. కాలిఫోర్నియా గవర్నరు పదవి ముగిశాక, 1975-79 మధ్య రేడియోలో రాజకీయ వ్యాఖ్యానాలు చేశారు. వాటిలో చాలా వాటిని స్వయంగా చేత్తో రాసుకున్నారు. 1980లో అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. ఒకరు రాసిచ్చిన మాటల నుంచి సొంత మాటలకు చేరడానికి ఆయనకు సుమారు పాతికేళ్లు పట్టింది.

ఈ మార్పుకు మూల్యం కూడా ఉంది. వినోద కళాకారులకు అన్ని పార్టీల అభిమానులూ ప్రేక్షకులే. ఒక పార్టీ తరఫున నిలబడిన రోజున వారిలో కొందరు దూరమవుతారు, వృత్తిలో అవకాశాలు తగ్గవచ్చు. మహిళలైతే వాదనకు జవాబు రాకపోగా, రూపం గురించీ పాత పాత్రల గురించీ ఎగతాళి ఎదురవుతుంది. 'సినిమావాళ్లకు రాజకీయాలు ఏం తెలుసు' అని కొట్టిపారేయడం, అభిమానంతో గుడ్డిగా నమ్మడం రెండూ ఒకే తప్పు. రెండింటిలోనూ మనం మాటను పరిశీలించడం మానేసి మనిషిని చూస్తున్నాం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. బుర్రకథలో రాజకీయ వంత పాత్ర ఏమిటి?
2. వార్తా ఛానళ్లలో చర్చా కార్యక్రమాలు పెరగడానికి ఆర్థిక కారణం ఏమిటి?

1.6 సారాంశం

తెలుగునాట కళాకారుల రాజకీయ వ్యాఖ్యానం బుర్రకథ కాలం నుంచీ ఉంది. టెలివిజన్ దానికి రోజువారీ చనువునూ, వార్తా ఛానళ్లు నిత్యం గిరాకీనీ చేర్చాయి. రాష్ట్ర విభజన తరవాత తాడేపల్లి, మంగళగిరి ప్రాంతం ఈ వ్యాఖ్యానానికి కేంద్రమైంది. పరిచయం వల్ల మనం వినడం మొదలుపెట్టవచ్చు. నమ్మడానికి మాత్రం ఆధారం కావాలి. ఓటరుగా మీ నిర్ణయం ఈ తేడా మీద ఆధారపడి ఉంటుంది.

1.7 అభ్యాసం

ఈ వారం ఏదైనా ఒక టీవీ చర్చను అరగంట చూడండి. నోటుపుస్తకంలో మూడు నిలువు వరసలు గీయండి. మొదటి దానిలో సరిచూడగల వాస్తవాలను, రెండో దానిలో అభిప్రాయాలను, మూడో దానిలో వ్యక్తిగత విమర్శలను రాయండి. మీకు నచ్చే పార్టీ ప్రతినిధి మాటలకూ ఇదే పద్ధతి పాటించండి. ఏ వరస ఎక్కువ నిండిందో చూసి, పది వాక్యాల్లో మీ పరిశీలన రాయండి.

1.8 నమూనా పరీక్ష ప్రశ్నలు

1. కొంగర జగ్గయ్య, ఎన్.టి. రామారావు, శ్యామలల రాజకీయ ప్రవేశాలను పోల్చండి.
2. అధికార ప్రతినిధికీ స్వతంత్ర వ్యాఖ్యాతకూ గల తేడాను ఉదాహరణలతో చర్చించండి.
3. 2014 తరవాత తాడేపల్లి ప్రాంతం రాజకీయ ప్రసార కేంద్రంగా మారిన తీరును వివరించండి.