సర్కారు తుమ్మ, సొల్యూషన్ ట్యూబు

నల్గొండ, మహబూబ్‌నగర్ దారుల్లో పంక్చర్ చరిత్రను ముల్లుతో మొదలుపెట్టాలి. డన్‌లప్ గాలి టైరుకు పేటెంట్ తీసుకున్నది 1888లో. అంతకుముందే, 1870ల్లో, మద్రాసు అటవీశాఖ వంటచెరకు కోసం అమెరికా ఖండపు తుమ్మను కడప వైపు నాటించింది. తర్వాత అది ఇటు చెరువు కట్టలకూ, డొంకలకూ పాకింది. నాటించింది ప్రభుత్వం కాబట్టి జనం సర్కారు తుమ్మ అన్నారు. (పంక్చర్ డబ్బులు మాత్రం మనవే.)

ట్యూబు టైరు కాలంలో వెనక చక్రంలో గాలి పోతే వెనక కూర్చున్నోడు దిగి నడిచేవాడు, నడిపేటోడు ట్యాంకు మీదికి జరిగేవాడు. షాపులో ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలు చూసి, రబ్బరు గీకి, సొల్యూషన్ రాసి ఆరనివ్వాలి. ఆరకముందే ప్యాచ్ అంటిస్తే రెండో ఊరికే ఊడిపోతుంది.

ట్యూబ్‌లెస్ వచ్చాక పని సగమైంది. ముల్లు పీకకుండా షాపు దాకా పోవచ్చు, అదే బిరడా. అక్కడ చక్రం విప్పకుండా జిగురు పట్టిన రబ్బరు తాడును రంధ్రంలోకి పొడుస్తారు. నిజానికి అది తాత్కాలికం. మన దగ్గర టైరు అరిగేదాకా అదే ఉంటది. పొలం దారిలో ముప్పై మీద పోయే బండికి పర్లేదు. అదే బండి నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబరు హైవే ఎక్కితే లెక్క వేరు. లోపల్నుంచి ప్యాచ్ వేయించాలంటే టైరు విప్పాలి, ఓ పూట పని మానుకోవాలి.