ఫ్లమెంకో గిటారు, చిల్‌అవుట్ సంగీతం: ఒక సమ్మేళన చరిత్ర

దక్షిణ స్పెయిన్‌లోని అండలూసియాకు చెందిన ఫ్లమెంకోను యునెస్కో 2010లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అప్పటికే ఫ్లమెంకో గిటారు మరొక రూపంలోనూ లోకానికి పరిచయమైంది. సింథసైజరు నాదాల నడుమ, మందగతిలో సాగే యంత్రతాళంపై వినిపించే ఆ రూపమే ‘ఫ్లమెంకో చిల్’. దీనిని కేవలం వ్యాపార కల్పనగా తోసిపుచ్చలేము. అలాగని ఫ్లమెంకో సర్వస్వమూ ఇందులోకి వచ్చిందని భావించడమూ పొరపాటే.

మార్పుకు నాంది పలికినవారు ఫ్లమెంకో కళాకారులే. పాకో దె లూసియా 1973 నాటి ‘ఎంత్రె దోస్ అగ్వాస్’ అనే వాద్యకృతిలో గిటారుకు బేస్‌ను, బొంగోలను జతచేశాడు. 1979లో గాయకుడు కమరోన్ ‘లా లెయెందా దెల్ తియెంపో’ ఆల్బమ్‌లో ఎలక్ట్రిక్ వాద్యాలకు, సితారుకు సైతం చోటిచ్చాడు. సంప్రదాయాభిమానులు దానిని తొలుత ఆదరించలేదు.

చిల్‌అవుట్‌కు వేదిక మధ్యధరా సముద్రంలోని ఇబీసా ద్వీపం. అక్కడ 1980లో ప్రారంభమైన కఫే దెల్ మార్‌లో సూర్యాస్తమయ వేళ హోసే పదీయా వినిపించిన సంగీతం 1994 నుంచి సంకలనాలుగా వెలువడింది. మలాగా ప్రాంతపు చంబావో బృందం పాటలతో 2002లో వచ్చిన ‘ఫ్లమెంకో చిల్’ ఈ సమ్మేళనానికి పేరు స్థిరపరచింది.

ఈ కలయికను సుకరం చేసినది అండలూసియా స్వరసంచారం. నాలుగు తీగసంపుటులు మెట్లుమెట్లుగా దిగి మళ్లీ మొదటికి చేరతాయి. ఆవృత్తిపై ఆధారపడిన ఎలక్ట్రానిక్ సంగీతంలో అవి సహజంగా ఒదుగుతాయి. (దీనికి మూలమైన ఫ్రిజియన్ స్వరక్రమం మన హనుమతోడి మేళంతో సమానం, గాంధారం తీవ్రమైతే వకుళాభరణం అవుతుంది. సామ్యం స్వరస్థానాల వరకే, గమకాలకు వర్తించదు.)

చిక్కంతా తాళంలోనే ఉంది. సొలెయా, బులెరీయా రూపాలది పన్నెండు మాత్రల ఆవర్తం. సాధారణంగా 3, 6, 8, 10, 12 మాత్రలపై ఊనిక పడుతుంది. చిల్‌అవుట్ నడక ప్రధానంగా చతురశ్రం. కనుక నాలుగు మాత్రల రుంబా, టాంగోస్ (ఇది అర్జెంటీనా టాంగో కాదు) దానిలో తేలికగా కలిశాయి. పైగా సంప్రదాయ ఫ్లమెంకోలో గిటారు గాయకుని అనుసరిస్తుంది. అతడు ఆర్తితో స్వరాన్ని సాగదీస్తే ఆగుతుంది, అతని శ్వాసను బట్టి తిరిగి అందుకుంటుంది. ముందే కూర్చిన యంత్రావర్తం ఎవరికోసమూ ఆగదు. మృత్యువును, వియోగాన్ని గానం చేసే సిగిరియ ఇటువంటి ఆల్బమ్‌లలో అరుదుగా వినిపించడానికి ఇదొక ప్రధాన కారణం.