పెద్దల మతిమరుపును పిల్లలకు వివరించడం

చిత్తవైకల్యం లేదా డిమెన్షియా అనగా మెదడు దెబ్బతినడం వలన జ్ఞాపకశక్తి, మాట, వివేచన క్రమంగా సన్నగిల్లే స్థితి. దీనికి ముఖ్యకారణం అల్జీమర్స్ వ్యాధి. ఈ వ్యాధిని 1906లో జర్మనీ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ మొదటిసారిగా వివరించాడు. భారతదేశంలో 60 ఏళ్ళు, అంతకు పైబడినవారిలో సుమారు 7.4 శాతం మందికి చిత్తవైకల్యం ఉన్నదని 2023లో ప్రచురితమైన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. ఇంట్లో తాతయ్యకో నాయనమ్మకో ఈ వ్యాధి వచ్చినప్పుడు దాని గురించి పిల్లలకు కూడా తెలియజెప్పడం అవసరం.

పిల్లల సందేహాలు

ఎన్టీఆర్ జిల్లాలోని తిరువూరు వంటి చిన్న పట్టణాలలోనూ, చుట్టుపక్కల పల్లెలలోనూ తాతలు, మనుమలు ఒకే ఇంట ఉండడం సాధారణం. పెద్దలు మతిమరుపును "చాదస్తం" అని కొట్టివేసినా, దాని మాట ఎత్తకుండా దాచినా పిల్లలు తమకు తోచిన కారణం ఊహించుకుంటారు. తన పేరు మరచిన తాతయ్యకు తనపై ప్రేమ పోయిందనో, తన అల్లరి వలననే ఆయనకు ఇలా అయిందనో లోలోపల బాధపడతారు.

చెప్పవలసిన విషయాలు

* ఇది మెదడుకు వచ్చిన జబ్బు. శాపం కాదు, అంటువ్యాధి కాదు, ఎవరి తప్పూ కాదు.
* సాధారణంగా కొత్త జ్ఞాపకాలు ముందుగా పోతాయి. ఉదయం కాఫీ తాగిన సంగతి మరచిన తాతయ్య, యాభై ఏళ్ళ క్రితం మామిడితోటలో అంట్లు కట్టిన సంగతి పూసగుచ్చినట్లు చెప్పవచ్చు. అది నటన కాదు.
* పేరు గుర్తులేకున్నా ఆప్యాయత తెలుస్తుంది.
* త్వరలో నయమవుతుందని అబద్ధం చెప్పరాదు. మందులు కొందరిలో లక్షణాలను కొంతకాలం తగ్గించగలవు గాని, అల్జీమర్స్‌ను పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు.

పిల్లలు చేయగలిగినవి

"నేనెవరో చెప్పు" అని పరీక్షించరాదు. "తాతయ్యా, నేను మీ పెద్దబ్బాయి కూతురిని" అని ముందే చెప్పుకోవాలి. పాత ఫొటోలు చూడడం, పద్యాలు చదవడం, వేరుశనగకాయలు ఒలవడం వంటివి కలిసి చేయవచ్చు. అడిగినదే మళ్ళీ మళ్ళీ అడిగినప్పుడు విసుగు వస్తే పిల్లలు కాసేపు పక్కకు వెళ్ళవచ్చు. దానికి వారిని మందలించరాదు. మందులు ఇవ్వడం, దారి తప్పకుండా కనిపెట్టి ఉండడం పెద్దల బాధ్యతలు. వాటిని పిల్లలపై మోపరాదు.

వైద్య సహాయం

మతిమరుపు అంతా అల్జీమర్స్ కాదు. థైరాయిడ్ లోపం, విటమిన్ బి12 లోపం, మానసిక కుంగుబాటు వలన కలిగే మతిమరుపు చికిత్సతో తగ్గవచ్చు. కావున ముందుగా వైద్యునిచే పరీక్ష చేయించాలి. వయోవృద్ధుల సమస్యలపై సలహా కొరకు 2021లో దేశవ్యాప్తంగా ప్రారంభించిన ఉచిత సహాయవాణి సంఖ్య 14567. ప్రతి సంవత్సరం సెప్టెంబరు 21న ప్రపంచ అల్జీమర్స్ దినం జరుపుతారు.