పెద్దమ్మాయి, చిన్నమ్మాయి, మూడో అమ్మాయి

మొన్న రాత్రి భోజనాలయ్యాక వంటిల్లు సర్దుకుంటుంటే మా అమ్మాయి సోషల్ పుస్తకం పట్టుకుని వచ్చింది. మర్నాడు పరీక్షట, రోమన్ల పాఠం అప్పజెప్తానంది. రోములస్, రీమస్, పాలిచ్చిన తోడేలు, ఏడు కొండలు, ఏడుగురు రాజులు అంటూ గడగడా చెప్పేసి, చివర్లో ఓ ప్రశ్న వేసింది. "అమ్మా, ఇందులో ఒక్క ఆడపిల్ల పేరూ లేదేమిటి?"

పుస్తకం తిరగేశాను. నిజమే, లేదు. డిగ్రీలో చరిత్ర చదివిన నాక్కూడా ఈ అనుమానం ఎప్పుడూ రాలేదు. ఆ రాత్రి దానికి చెప్పిన కబుర్లే కాస్త సర్ది ఇక్కడ రాస్తున్నాను.

తమ ఊరు క్రీ.పూ. 753లో ఏప్రిల్ 21న పుట్టిందని రోమన్లు నమ్మేవారు. ఆ కథ మొదలయ్యేదే ఒక ఆడపిల్లతో. ఆమె పేరు రియా సిల్వియా. ఆమె తండ్రి నుమిటర్ రాజ్యాన్ని అతని తమ్ముడు అములియస్ లాక్కున్నాడు. ఆమెకు పిల్లలు పుడితే ఎప్పటికైనా తనకు ముప్పేనని ఆమెను పెళ్ళి లేని పూజారిణిగా మార్చాడు. అయినా యుద్ధదేవుడు మార్స్ వల్ల కవలలు పుట్టారు. వాళ్ళను టైబర్ నదిలో వదిలేయించాడు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన పిల్లలకు తోడేలు పాలిస్తే, ఒక పశువుల కాపరి, అతని భార్య పెంచారు. పెద్దయ్యాక ఊరు కట్టేటప్పుడు గోడ దగ్గర తగువొచ్చి రీమస్ ప్రాణం పోయింది. తోడేలు విగ్రహాలు ఎన్నో ఉన్నాయి కానీ, కన్నతల్లిని తలుచుకునేవాళ్ళు తక్కువ.

కథ పక్కన పెడితే, పలటైన్ కొండ మీద తవ్వకాల్లో గుంజలు పాతిన గుంతలు బయటపడ్డాయి. క్రీ.పూ. ఎనిమిదో శతాబ్దం నాటికి అక్కడ గుడిసెలుండేవని వాటివల్ల తెలిసింది. కర్ర గుంజలు, తడిక మీద మట్టి మెత్తిన గోడలు, పైన గడ్డి కప్పు. అంత పెద్ద సామ్రాజ్యం మొదలైంది పాడీ పంటా చూసుకునే ఆ పాకల్లోనే. పక్కనే నది దాటే రేవు, సముద్రం వైపు నుంచి ఉప్పు తీసుకెళ్ళే దారి. ఊరు పెరగడానికి ఆ రెండూ బాగా కలిసొచ్చాయి. తిండి కూడా మామూలుదే. రొట్టె అలవాటయ్యే ముందు ఒక రకం గోధుమను దంచి జావలా కాచుకుని తాగేవారు.

ఇక సబైన్ ఆడవాళ్ళ కథ. కొత్త ఊళ్ళో అందరూ మగవాళ్ళే, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పిల్లనివ్వమన్నారు. రోములస్ పండగ పేరుతో వాళ్ళను పిలిచి, పెళ్ళి కావలసిన అమ్మాయిల్ని ఎత్తుకుపోయే ఏర్పాటు చేశాడు. తర్వాత తండ్రులు కత్తులు పట్టుకొచ్చారు. అప్పటికి పిల్లల తల్లులైన ఆ అమ్మాయిలే ఇరువైపులవాళ్ళ మధ్య నిలబడి, "మీలో ఎవరు చచ్చినా ఏడ్చేది మేమే" అన్న అర్థంలో బతిమాలి యుద్ధం ఆపారట. ఇది జరిగిందో లేదో తేల్చలేం. కానీ తమ ఊరి పుట్టుక గురించి రోమన్లు తామే చెప్పుకున్న కథ ఇది. ఆడవాళ్ళ వల్ల ఊరు నిలబడిందని పొగిడారు. వాళ్ళ ఇష్టం అడగలేదన్న మాట మాత్రం చప్పున దాటేశారు.

ఇప్పుడు మా అమ్మాయి ప్రశ్నకు వస్తాను. మనకు ఇంటిపేరున్నట్టే రోమన్లకూ వంశం పేరుండేది. జూలియస్, కొర్నీలియస్, క్లాడియస్, ఇవన్నీ అలాంటివే. మగపిల్లాడికి దాని ముందు సొంత పేరొకటి పెట్టేవారు. ఆడపిల్లకు మాత్రం రానురాను వంశం పేరే పేరైపోయింది. జూలియస్ వంశంలో పుడితే జూలియా, కొర్నీలియస్ వంశంలో పుడితే కొర్నీలియా. మరి ఇద్దరు పుడితే? పెద్ద జూలియా, చిన్న జూలియా. మూడోది పుడితే 'టెర్షియా', అంటే మూడోది అనే. మగపిల్లలకు పుట్టిన తొమ్మిదో రోజున, ఆడపిల్లలకు ఎనిమిదో రోజున మన బారసాల లాంటి వేడుక కూడా చేసేవారు. వేడుక ఉంది, పేరే లేదు! పెళ్ళయినా ఆ పేరు మారేది కాదు. మొగుడి ఇంట్లో ఉన్నా చివరిదాకా ఫలానా వంశపు పిల్లే.

ఇంట్లో అధికారమంతా తండ్రిది. 'ఫ్యామిలీ' అనే మాట వాళ్ళ 'ఫమీలియా' నుంచే వచ్చింది. అందులో పెళ్ళాం పిల్లలతో పాటు బానిసలూ లెక్కే. కొడుక్కి పెళ్ళయి పిల్లలు పుట్టినా, తండ్రి బతికుండగా సొంత ఆస్తి ఉండేది కాదు. చట్టప్రకారం పిల్లల ప్రాణం మీదా తండ్రికి హక్కుండేది. క్రీ.పూ. 451-450లో పన్నెండు పలకల మీద రాసిన చట్టంలో, తండ్రి కొడుకుని మూడుసార్లు అమ్మితే ఆ కొడుక్కి తండ్రి నుంచి విముక్తి అని ఉంది. అది విని మా అబ్బాయి వాళ్ళ నాన్న వైపు అదోలా చూశాడు.

అదే చట్టంలో పెళ్ళి గురించి ఇంకో విచిత్రం ఉంది. శాస్త్రోక్తంగా పెళ్ళి జరక్కపోయినా, భార్య ఏడాదిపాటు కాపురం చేస్తే భర్త అధికారంలోకి వచ్చేస్తుంది. అది ఇష్టం లేకపోతే ఏటా మూడు రాత్రులు వరసగా బయట గడిపి రావాలి. నాకు పుట్టింటి ప్రయాణం గుర్తొచ్చి నవ్వొచ్చింది. తీరా ఆలోచిస్తే, దానివల్ల ఆమెకు దక్కేది మొగుడికి బదులు తండ్రి అధికారం.

పక్కనే ఎట్రుస్కన్లని ఇంకో జాతి ఉండేది. రోమ్ ఏడుగురు రాజుల్లో టార్క్విన్లు ఆ వైపు నుంచి వచ్చినవాళ్ళే. రోమన్లకు అక్షరాలు అందింది కూడా గ్రీకుల నుంచి వీళ్ళ ద్వారానే. ఎట్రుస్కన్ ఆడవాళ్ళకు సొంత పేర్లుండేవి, సమాధుల మీద చెక్కి కనిపిస్తాయి. భర్త పక్కనే కూర్చుని విందు చేసేవారు. రోమ్ లోని విల్లా జూలియా మ్యూజియంలో మట్టితో చేసిన భార్యాభర్తల బొమ్మ ఒకటుంది. ఇద్దరూ ఒకే పాన్పు మీద ఒరిగి, చిరునవ్వుతో ఉంటారు. రెండున్నర వేల ఏళ్ళ నాటిది. పక్కింట్లో అలా ఉన్నా, రోమ్ ఇంట్లో మాత్రం అది రాలేదు.

అయితే రోమన్ల గురించి ఒకటి ఒప్పుకోవాలి. ఆ పన్నెండు పలకల చట్టం ప్రకారం, తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమాన వాటా. ఆ వాటాను ఆమె సొంతంగా అమ్ముకోలేదు, పైన ఒక మగ సంరక్షకుడి అనుమతి కావాలి. అయినా వాటా ఉంది. మన దగ్గర ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు సమాన హక్కు ఆంధ్రప్రదేశ్ లో చట్టమైంది 1980లలో, దేశమంతటికీ వచ్చింది 2005లో.

ఇది చెబుతుంటే నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడను ఊరంతా 'చిన్నమ్మాయి' అనేవారు. ముసలావిడ అయ్యాక కూడా చిన్నమ్మాయి గారే. నేనూ అదే పేరనుకున్నాను. ఆవిడ పోయాక ట్రంకు పెట్టె సర్దుతుంటే ఒక పాత కాగితం దొరికింది. పుట్టింటి పొలంలో తనకేమీ అక్కర్లేదని రాసిచ్చిన కాగితం. కింద వేలిముద్ర, పక్కన ఆవిడ అసలు పేరు. చక్కటి పేరు. ఆ పేరుతో ఆవిడను ఎవరైనా పిలవగా నేను వినలేదు. వాటా వదులుకోవడానికి మాత్రం అది అవసరమయింది.

రోమ్ పిల్లకు పేరు లేకపోయినా వాటా ఉండేది. మా అమ్మమ్మకు పేరుండి కూడా వాటా దక్కలేదు. ఎవరు నయమో తేల్చమని మా అమ్మాయి అడిగితే, "రెండూ ఉండాల్సినవే" అన్నాను.

అది కాసేపు ఊరుకుని, "అమ్మమ్మమ్మ పేరేమిటో నాకు రాసియ్యి" అంది. సోషల్ నోట్సు వెనక పేజీలో రాసిచ్చాను. పరీక్షలో ఆ ప్రశ్న రాదని తెలుసు. అయినా రెండుసార్లు పైకి చదువుకుని మరీ పడుకుంది.